రోమన్ పంక్తిలో తొలి క్రైస్తవులు

అందరికీ నమస్కారం.

రోమన్ కాలపు దైనందిన జీవితం గురించి, తొలి క్రైస్తవుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఇది ఒక్క సాయంత్రంలో తెమిలే వ్యవహారం కాదు. స్నానశాలలు, అద్దె ఇళ్లు, అప్పులు, పెళ్లిళ్లు, అంత్యక్రియలు... ఏది తీసుకున్నా ఒక పూట సరిపోదు. అందుకని నేను భోజనానికే పరిమితమవుతాను. ఏమి తిన్నారన్నది కొంత చెబుతాను. ఎవరితో కలిసి తిన్నారు, ఎవరితో తినలేదు అన్నది ఎక్కువ చెబుతాను. ఎందుకంటే తొలి క్రైస్తవుల చరిత్రలో మనం సిద్ధాంత చర్చలుగా చదువుకునే తగాదాల్లో చాలా వాటికి మూలం భోజనాల గదిలోనే ఉందని నా నమ్మకం. పాండిత్యం ఉన్నవాళ్లు దీన్ని కొంచెం అతిశయోక్తి అనవచ్చు. అననివ్వండి.

ముందు తిండి సంగతి. అక్కడ టమాటా లేదు, బంగాళాదుంప లేదు, మిరపకాయ లేదు. అవన్నీ అమెరికా ఖండాల నుంచి చాలా శతాబ్దాల తర్వాత ఐరోపా చేరాయి. ఘాటు కావాలంటే మిరియాలే. ఆ మిరియాలు మన మలబారు తీరం నుంచి ఓడల్లో ఎర్రసముద్రం మీదుగా వెళ్లేవి. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తోందని మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత పెద్ద ప్లినీ వాపోయాడు. ఉప్పదనానికి గారుమ్ అనే చేపల పులుసు ఉండేది. చేపల్ని, వాటి పేగుల్ని ఉప్పులో వేసి ఎండలో నెలల తరబడి ఊరబెట్టి, పైకి తేరుకున్న ద్రవాన్ని జాడీల్లోకి తీసేవారు. నూనె అంటే ఆలివ్ నూనె. తాగడానికి నీళ్లు కలిపిన ద్రాక్షారసం, అంటే వైన్.

అన్నిటికంటే ముఖ్యమైనది రొట్టె. తొలి రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కాలంలో రోమ్ నగరంలో సుమారు 2,00,000 మంది పౌరులకు నెలకు మోదియస్ అనే కొలతతో ఐదు కొలతలు, అంటే మన లెక్కలో 33 కిలోల దాకా, గోధుమలు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది. ఆ గోధుమలో పెద్ద భాగం ఈజిప్టు నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చేది. బైబిల్లోని అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయాల్లో ఖైదీగా రోమ్‌కు వెళుతున్న తొలి క్రైస్తవ బోధకుడు పౌలు ఎక్కినది అలెగ్జాండ్రియా ఓడే. తుపానులో ఓడను తేలిక చేయడానికి వాళ్లు సముద్రంలో పారబోసినది గోధుమలే. ఆ వాక్యం చదివేటప్పుడు ఓడలో ఉన్నవాళ్ల ప్రాణాల గురించి ఆలోచిస్తాం. రోమ్‌లో సంచులు పట్టుకుని వరుసలో నిలబడినవాళ్లను ఎవరూ తలచుకోరు.

79వ సంవత్సరంలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు పాంపేయి నగరంలోని ఒక బేకరీ పొయ్యిలో 81 రొట్టెలు బొగ్గయి అలాగే మిగిలిపోయాయి. గుండ్రటి రొట్టె, పైన ఎనిమిది ముక్కలుగా విరవడానికి గాట్లు. పక్కనే ఉన్న హెర్క్యులేనియంలో దొరికిన ఒక రొట్టె మీద ముద్ర కూడా ఉంది: క్వింటస్ గ్రానియస్ వేరస్ బానిస కెలెర్‌ది అని. ఎవరి రొట్టె ఏదో తెలియడానికి వేసిన ముద్ర అది. పేరు బానిసది, ఆ పేరును ఆనుకునే యజమాని పేరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇక ఇల్లు. నగరాల్లో ఎక్కువ మంది ఇన్సులాలనే అద్దె మేడల్లో ఉండేవారు. కింద దుకాణాలు, పైన గదుల మీద గదులు. పైకి వెళ్లేకొద్దీ గది చిన్నది, అద్దె తక్కువ, అపాయం ఎక్కువ. మేడలు 70 అడుగులు మించకూడదని ఆగస్టస్ ఉత్తర్వు వేయవలసి వచ్చిందంటే అంతకు మించి కట్టేవాళ్లు ఉన్నారనే కదా. కిటికీలోంచి వీధిలోకి పారబోసినది ఎవరి నెత్తిన పడినా నష్టపరిహారం ఎవరు ఇవ్వాలో రోమన్ న్యాయశాస్త్రంలో విడిగా నిబంధనలు ఉన్నాయి. ఈ గదుల్లో చాలా వాటికి వంటగది ఉండేది కాదు. బొగ్గుల కుంపటి మీద ఏదో ఉడకేసుకోవాలి, అదీ నిప్పు భయంతో. లేదంటే కిందికి దిగి వీధి హోటల్లో తినాలి. పాంపేయిలో అలాంటి తిండి దుకాణాలు సుమారు 80 బయటపడ్డాయి. రాతి అరుగు, అందులో దించిన మట్టి జాడీలు. 2020లో పూర్తిగా వెలికితీసిన ఒక దుకాణపు జాడీల్లో బాతు, మేక, పంది, చేప, నత్తల అవశేషాలు దొరికాయి. పేదవాడు జీవితమంతా గంజి తాగి బతికాడని అనుకోనక్కర్లేదు. హెర్క్యులేనియంలో ఒక అద్దె ఇళ్ల వరుస కింద మురుగు కాలువ తవ్వితే చేప ముళ్లు, గుడ్డు పెంకులు, అత్తి గింజలు, సముద్రపు ముళ్లకాయల పెంకులు వచ్చాయి. సామాన్యుడి నాలుకకు రుచి తెలుసు.

తొలి క్రైస్తవులు కూడా ఇలాంటి మేడల్లోనే కలుసుకున్నారు. త్రోయ అనే ఊళ్లో ఆదివారం రాత్రి మేడగదిలో దీపాలు చాలా వెలుగుతున్నాయి, పౌలు మాట్లాడుతూనే ఉన్నాడు, అర్ధరాత్రి అయింది. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రవాడు నిద్రలోకి జారి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ప్రాణం నిలిచింది లెండి. తర్వాత పౌలు పైకి వెళ్లి, రొట్టె విరిచి తిని, తెల్లవారే దాకా మళ్లీ మాట్లాడాడట. వక్తలందరూ గదిలో పటం కట్టించుకోవలసిన కథ. మన చర్చకు పనికొచ్చేది ఏమిటంటే, వాళ్లు రాత్రి ఎందుకు కలుసుకున్నారన్నది. ఆదివారం అప్పటికి సెలవు కాదు. దాన్ని సెలవుగా ప్రకటించినవాడు కాన్‌స్టంటైన్ చక్రవర్తి, 321లో. అంతవరకు మూడు శతాబ్దాల పాటు ఆదివారం కూడా అందరికీ పనిదినమే. కూలికి, బానిసకు తీరిక దొరికేది తెల్లవారకముందు, లేదా పొద్దుగూకాక.

ధనికుల లెక్క వేరు. వాళ్ల ప్రధాన భోజనం తొమ్మిదో గంటకు, అంటే మన మధ్యాహ్నం మూడు ప్రాంతంలో, స్నానం ముగించుకున్నాక మొదలయ్యేది. భోజనశాలలో మూడు వైపులా మూడు పాన్పులు, పాన్పుకు ముగ్గురు, మొత్తం తొమ్మిది మంది. ఎడమ మోచేతి మీద ఒరిగి కుడిచేత్తో తింటారు. ఏ పాన్పు మీద ఎవరు, ఆ పాన్పులో ఏ స్థానం ఎవరిది, అన్నీ హోదాను బట్టే. తొమ్మిది మంది మించితే మిగిలినవాళ్లు బయట ముంగిట్లో కూర్చోవాలి.

పంక్తిలో వలపక్షం అంటామే, అది అక్కడ మర్యాదగానే చలామణి అయ్యేది. పెద్ద ప్లినీ మేనల్లుడు చిన్న ప్లినీ ఒక ఉత్తరంలో తాను వెళ్లిన విందు గురించి రాశాడు. ఆతిథేయుడు తనకూ, కొందరికీ మేలైన వంటకాలు పెట్టించాడు, మిగిలినవాళ్లకు చవకవి, చిన్న చిన్న ముక్కలు. ద్రాక్షారసం మూడు రకాల చిన్న కూజాల్లో వచ్చింది. ఒకటి తనకూ ప్లినీకీ, ఒకటి తక్కువ స్థాయి స్నేహితులకు, ఒకటి విముక్తి పొందిన బానిసలకు. నువ్వు ఎలా పెడతావని పక్కన ఉన్నవాడు అడిగితే, అందరికీ ఒకటే పెడతానన్నాడు ప్లినీ. విముక్త బానిసలకు కూడానా, చాలా ఖర్చు కదా అంటే, కాదు, నేను తాగేది వాళ్లు తాగరు, వాళ్లు తాగేదే నేనూ తాగుతాను అన్నాడు. పొదుపును సమానత్వంలా అమ్మడం ఎలాగో ఈ పెద్దమనిషి దగ్గర నేర్చుకోవాలి. కవి మార్షల్ అయితే వడ్డించినవాడి మొహం మీదే అడిగాడు: నువ్వు ఆల్చిప్పలు తింటుంటే నాకు నాసిరకం గుల్ల ఎందుకు, నీతో కూర్చుని తింటూ కూడా నేను నీతో తినడం లేదెందుకు అని.

ఇప్పుడు కొరింథుకు వెళదాం. ఆ నగరాన్ని రోమన్ సైన్యం క్రీ.పూ. 146లో నేలమట్టం చేసింది. వంద సంవత్సరాలు పాడుబడి ఉన్న చోట క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ కొత్త కాలనీ పెట్టించాడు. అక్కడికి పంపినవాళ్లలో చాలా మంది విముక్త బానిసలు. రెండు రేవుల మధ్య ఊరు, డబ్బు ఆడే ఊరు. నాయనమ్మ బానిస, మనుమడు నగర అధికారి అయ్యే అవకాశం ఉన్న ఊరు. అలాంటి చోట హోదా గురించిన పట్టింపు ఎంత ఉంటుందో ఊహించండి. పౌలు అక్కడికి మొదటి శతాబ్దం యాభైల మొదట్లో వచ్చాడు. డెల్ఫీలో దొరికిన శాసనం వల్ల గల్లియో అక్కడ రాష్ట్రపాలకుడిగా ఉన్నది 51, 52 ప్రాంతమని తెలుస్తోంది. పౌలును ఆయన ముందుకే తీసుకెళ్లారు. రోమ్ నుంచి వెళ్లగొట్టగా వచ్చిన అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి పౌలు అక్కడ డేరాలు కుట్టే పని చేశాడు. చేతిపని చేసుకుని బతికేవాడిని ఆ కాలపు పెద్దమనుషులు ఏ స్థాయిలో చూస్తారో ఆయనకు ప్రతిరోజూ తెలుస్తూనే ఉంటుంది.

తర్వాత ఆయన ఎఫెసులో ఉండగా క్లోయె అనే ఆవిడ ఇంటివాళ్లు కొరింథు కబుర్లు మోసుకొచ్చారు. ఆ కబుర్లకు జవాబే కొరింథీయులకు, అంటే ఆ ఊరి క్రైస్తవులకు, రాసిన మొదటి పత్రిక, అంటే ఉత్తరం. పదకొండో అధ్యాయంలో పౌలు చాలా కోపంగా ఉన్నాడు. మీరు కలుసుకున్నప్పుడు ఒకడు ఆకలితో ఉంటాడు, ఒకడు మత్తుగా ఉంటాడు, తిని తాగడానికి మీకు ఇళ్లు లేవా, లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అంటాడు. చరిత్రకారులు ఈ దృశ్యాన్ని ఇలా ఊహిస్తారు. కూటమి జరిగేది కాస్త కలిగినవాడి ఇంట్లో. అతని స్నేహితులు పెందలాడే వచ్చి పాన్పుల మీద ఒరిగి మొదలుపెట్టేస్తారు. రేవులో బరువులు మోసేవాడు, ఇంకొకరి ఇంట్లో గిన్నెలు కడిగే బానిస పని ముగించుకుని చీకటి పడ్డాక వస్తారు. వాళ్లకు ముంగిట్లో చోటు, అడుగూ బొడుగూ తిండి. ఇంటాయన దుర్మార్గుడు కానక్కర్లేదు. ఊళ్లో ఏ విందులోనైనా జరిగేదే అతనింట్లోనూ జరిగింది. పౌలు ఇచ్చిన పరిష్కారం ఒక్క మాటలో తేలిపోతుంది: ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి. అంత ఆకలైతే ఇంట్లో తిని రండి. బానిసత్వం రద్దు గురించి మాట లేదు, ఆస్తుల పంపకం గురించి మాట లేదు. అందరూ వచ్చాక మొదలుపెట్టమనడమే. కానీ ఆ ఊరి విందు మర్యాదల పక్కన పెట్టి చూస్తే ఆ చిన్న మాట ఇంటి యజమానికి ఎంత చేదుగా ఉండి ఉంటుందో తెలుస్తుంది. బానిస వచ్చే దాకా దొర ఆగాలి.

అదే పత్రికలో మాంసం గొడవ ఇంకొకటి. సామాన్యుడికి మాంసం దొరికే మంచి సందర్భం దేవుళ్ల పండుగ. బలిపశువు మాంసంలో దేవుడి వాటా, పూజారి వాటా పోగా కొంత విందుకు, కొంత మాంసపు అంగడికి. గుడులకు భోజనశాలలు ఉండేవి. కొరింథులో వైద్య దేవుడు అస్క్లేపియస్ గుడి దగ్గర తవ్వకాల్లో గదికి పదకొండు పాన్పుల చొప్పున మూడు భోజన గదులు బయటపడ్డాయి. ఈజిప్టులోని ఆక్సిరింఖస్‌లో రెండో శతాబ్దపు ఆహ్వాన పత్రం ఒకటి దొరికింది. రేపు, పదిహేనో తేదీన, తొమ్మిదో గంటకు సెరాపిస్ దేవుడి పంక్తికి, ఆయన ఆలయంలో భోజనానికి రమ్మని ఖైరెమోన్ అనే ఆయన పిలుస్తున్నాడు. పుట్టినరోజైనా, జబ్బు నయమైనా, సంఘం సమావేశమైనా జరిగేది అక్కడే. ఆ పిలుపు కాదంటే బంధువు పోతాడు, వ్యాపారం పోతుంది. వెళితే విగ్రహం ముందు తిన్నట్టు. పౌలు చెప్పినది లౌక్యం తెలిసినవాడి సలహా. కటికవాడి అంగడిలో అమ్మేది ఏదైనా కొనుక్కుని తినండి, ఎక్కడిదని అడగకండి. ఎవరైనా ఇంటికి పిలిస్తే పెట్టినది తినండి. ఇది బలి అర్పించినదని ఎవరైనా ప్రత్యేకంగా చెబితే మాత్రం మానేయండి. గుడి పంక్తిలో మాత్రం కూర్చోవద్దు.

అంతియొకయలో ఇంతకుముందే ఇంకో రకం గొడవ జరిగింది. యేసు శిష్యుడు, యూదుడైన పేతురు, ఆచారం పాటించే యూదులు తప్పుకునే యూదేతరుల పంక్తిలో కలిసి తింటూ ఉండేవాడు. యెరూషలేము నుంచి అక్కడి క్రైస్తవ పెద్ద యాకోబు మనుషులు వచ్చేసరికి మెల్లగా లేచి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. పౌలు మాట మనకు మిగిలింది కానీ పేతురు ఏమన్నాడో మిగల్లేదు. ఒక పక్షం వాంగ్మూలంతో తీర్పు చెప్పడం నాకు ఇష్టం ఉండదు, అందుకని ముందుకు వెళతాను.

ఇదంతా క్రైస్తవుల ప్రత్యేకత అని కూడా అనుకోవద్దు. కలిసి తినే సంఘాలు సామ్రాజ్యమంతటా ఉన్నాయి. రోమ్‌కు దక్షిణాన లానువియం అనే ఊళ్లో 136 నాటి శాసనం ఒకటి దొరికింది. డయానా దేవత పేరున, చనిపోయాక దేవుడిగా కొలిచిన అంటినోయస్ అనే యువకుడి పేరున నడిచిన సంఘం నియమావళి అది. చేరడానికి 100 సెస్టర్సులు, ఒక జాడీ మంచి ద్రాక్షారసం. నెల చందా ఐదు ఆస్‌లు (రాగి నాణేలు). సెస్టర్సుకు నాలుగు ఆస్‌లు కాబట్టి పేదవాడు కట్టగలిగినదే. సభ్యుడు పోతే అంత్యక్రియలకు 300 సెస్టర్సులు. సభ్యుల్లో బానిసలు ఉన్నారు. బానిస చనిపోతే యజమాని పంతానికి శవం ఇవ్వకపోతే, బొమ్మను పెట్టి అంత్యక్రియలు జరపాలని రాసుకున్నారు. బానిసకు విముక్తి దొరికితే అతను ఒక జాడీ మంచి ద్రాక్షారసం ఇచ్చుకోవాలి. విందు వంతు వచ్చినవాళ్లు పెట్టవలసిన పదార్థాల పట్టిక కూడా ఉంది: ఒక జాడీ మంచి ద్రాక్షారసం, మనిషికి రెండు ఆస్‌ల రొట్టె, నాలుగు చేపలు, వేడినీళ్లు, పాన్పుల మీద పరుపులు. గొడవపడి ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారితే 4 సెస్టర్సుల జరిమానా. తోటివాడిని తిడితే 12. విందులో సంఘం పెద్దను తిడితే 20. నాకు రోమన్ చరిత్రలో సీజర్ యుద్ధాల కంటే ఈ రాయి ఎక్కువ ఇష్టం. ఎవరు ఎవరిని తిట్టారో, ఎన్నిసార్లు తిట్టాక ఈ నిబంధన రాశారో కదా.

ప్రభుత్వానికి మాత్రం ఇలాంటి సంఘాలంటే దడ. అదే చిన్న ప్లినీ సుమారు 112లో నల్లసముద్రం దక్షిణ తీరాన బితూనియా, పొంతు ప్రాంతాలకు పాలకుడు. నికోమీడియాలో అగ్నిప్రమాదం జరిగితే 150 మందితో మంటలార్పే దళం పెట్టుకుంటామని చక్రవర్తి ట్రాజన్‌ను అడిగాడు. వద్దన్నాడు చక్రవర్తి. ఏ పేరున పోగైనా చివరికి రాజకీయ ముఠాలే అవుతారని. ఈ నేపథ్యంలో క్రైస్తవుల గురించి ప్లినీ రాసిన ఉత్తరం చదవాలి. వాళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందు కలుసుకుంటారు, క్రీస్తును దేవుడన్నట్టు కీర్తిస్తారు, దొంగతనం, వ్యభిచారం చేయబోమని ఒట్టు పెట్టుకుంటారు, విడిపోయి మళ్లీ భోజనానికి కలుస్తారు. ఆ భోజనం మామూలు భోజనమే, హాని లేనిది అని ప్రత్యేకంగా రాశాడు. నరమాంసం తింటారన్న పుకారు రెండో శతాబ్దంలో క్రైస్తవుల మీద బాగా వ్యాపించింది. సంఘాలను నిషేధిస్తూ తాను ఉత్తర్వు వేశాక ఆ భోజనం కూడా మానేశామని వాళ్లు చెప్పారట. ప్రార్థన మానలేదు, భోజనం మానారు. నిజం రాబట్టడానికి ఆయన హింసించినది వాళ్ల కూటమిలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు బానిస స్త్రీలను. వాళ్ల పేర్లు రాయాలని ఆయనకు తోచలేదు. ఉత్తరం చివర ఊరట మాట ఒకటి: కొనేవాళ్లే లేకుండా పోయిన బలి మాంసం మళ్లీ అన్ని చోట్లా అమ్ముడవుతోందట. కొరింథులో కొనాలా వద్దా అని కొట్టుకున్న మాంసం అరవై ఏళ్లకు ఇంకో రాష్ట్రంలో పాలకుడి నివేదికలోకి ఎక్కింది.

250లో డేసియస్ చక్రవర్తి అందరూ దేవతలకు బలి అర్పించాలని శాసించినప్పుడు ధ్రువపత్రాలు ఇచ్చారు. ఈజిప్టు ఇసుకలో అలాంటివి నలభైకి పైగా దొరికాయి. వాటిలో పేరు, ఊరు రాశాక ఇలా ఉంటుంది: పానీయం పోశాను, బలి ఇచ్చాను, నైవేద్యం రుచి చూశాను. ధూపం వేస్తే చాలదు, నోట్లో పెట్టుకోవాలి.

ఇక బానిసల సంగతి. పౌలు కాలపు వాడే అయిన రోమన్ తాత్వికుడు సెనెకా కూడా రాశాడు. యజమాని పొట్ట పగిలేలా తింటుంటే చుట్టూ బానిసలు ఖాళీ కడుపులతో నోరు మెదపకుండా నిలబడతారని, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తినమని. మంచి మాట. ఆయన దగ్గరా బానిసలు ఉన్నారు. క్రైస్తవులు ఒకే రొట్టె పంచుకున్నారు. వాళ్ల దగ్గరా ఉన్నారు. కాన్‌స్టంటైన్ తర్వాతి కాలపు బానిస మెడపట్టీలు కొన్ని దొరికాయి. ఒకదాని మీద: నేను ఆర్చిడీకన్ (చర్చిలో ఒక పెద్ద పదవి) ఫెలిక్స్ బానిసను, పారిపోకుండా పట్టుకోండి. ఆ ఫెలిక్స్ ఆదివారం అందరికీ రొట్టె పంచేవాడే అయి ఉంటాడు. హెర్క్యులేనియం రొట్టె మీది ముద్ర గుర్తుందా? మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక, క్రైస్తవుడి ఇంట్లోనూ, యజమాని పేరు బానిసను వదల్లేదు.

అయినా ఏమీ మారలేదనడం కూడా అన్యాయం. 150 ప్రాంతంలో రోమ్‌లో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత వర్ణించిన ఆదివారపు కూటమిలో రాలేని వాళ్ల ఇళ్లకు రొట్టె పంపేవారు. పోగైన సొమ్ము అనాథలకు, విధవలకు, ఖైదీలకు. వీళ్లు తమ పేదలనే కాదు మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనకు సిగ్గుచేటు అని 362 ప్రాంతంలో జూలియన్ చక్రవర్తి తన పూజారికి రాశాడు. శత్రువు ఇచ్చిన యోగ్యతాపత్రం కాబట్టి నమ్మవచ్చు.

మరి ఆ భోజనం ఏమైంది? మెల్లగా రెండు ముక్కలైంది. రొట్టె, గిన్నె ఆరాధనలో మిగిలాయి. ప్రేమవిందు అని పిలుచుకున్న అసలు భోజనం విడిపోయింది. సిరియా ఎడారి అంచున డ్యూరా యూరోపస్‌లో 240 ప్రాంతంలో ఒక మామూలు ఇంటిని ప్రార్థన మందిరంగా మార్చారు. మధ్య గోడ కొట్టేసి పెద్ద గది చేశారు, చివర చిన్న వేదిక కట్టారు. పాన్పులకు కాదు, వరుసలుగా కూర్చోవడానికో నిలబడడానికో అనువైన గది. నాలుగో శతాబ్దం వచ్చేసరికి లవొదికయలో కూడిన సభ చర్చిల్లో ప్రేమవిందులు చేయకూడదు, దేవుడి ఇంట్లో తినకూడదు, పాన్పులు పరవకూడదు అని నియమం చేసింది. అంటే అప్పటికీ పరుస్తున్నారన్న మాట.

ఆఫ్రికాలో ఇంకో అలవాటు ఉండేది. అమరుల సమాధుల దగ్గరకు గంజి, రొట్టె, ద్రాక్షారసం తీసుకెళ్లి అక్కడ కాస్త రుచి చూసి పంచడం. క్రైస్తవ తాత్వికుడు అగస్టీన్ తల్లి మోనికా 380లలో మిలాన్‌కు వచ్చాక అలాగే బుట్ట పట్టుకుని వెళితే కాపలావాడు ఆపేశాడు. బిషప్ అంబ్రోస్ వద్దన్నారని. ఆవిడ మారు మాట్లాడకుండా మానేసింది. ఆ తర్వాత బుట్టలోని తిండి పేదలకు ఇచ్చేదట. కొడుకు ఇదంతా రాసి, ఒక మాట కలిపాడు: అంబ్రోస్ అంటే అమ్మకు అంత గౌరవం లేకపోయి ఉంటే, ఇంకెవరైనా వద్దని ఉంటే, అంత తేలిగ్గా వినేది కాదేమో అని.